త్రిఫల ఇత్రీఫల్ అయిన తారీఖ్

పోయిన చలికాలం నాకు నిద్ర పట్టడం మానేసింది. పత్రికలో నైట్ డ్యూటీ. పేజీలు వదిలి ఇంటికొచ్చేసరికి రాత్రి రెండు దాటుతుంది. పడుకుంటే కళ్లు మూతపడతాయి గానీ దిమాగ్ మూతపడదు. ఫజర్ అజాన్ వినబడేదాకా హెడ్డింగులు, అప్పులు, పిల్లల ఫీజులు, అమ్మీ మోకాళ్ల నొప్పులు అన్నీ వరసగా వచ్చి కూర్చుంటాయి. డాక్టర్ దగ్గరికెళ్తే బీపీ ఎక్కువగా ఉందని గోలీ రాసిచ్చాడు. వేసుకుంటూ వచ్చాను.

అది చాలదన్నట్టు ఎవరో చెప్పిన మాట విని, ఒక దుకాణంలో 'మనశ్శాంతికి మూలికల పొడి' అని అమ్మితే కొన్నాను. పొట్లం మీద పేరు లేదు, పాళ్లు లేవు. మొదటి వారం నిద్ర బాగా పట్టింది, అల్‌హందులిల్లాహ్ అనుకున్నాను. రెండో వారానికి లేచి నిలబడితే తల తిరగడం మొదలైంది. మూడో వారానికి ఏ పని మీదా మనసు లేదు. నెల తిరిగేసరికి మా బేగం ఒక రాత్రి దస్తర్‌ఖాన్ తీస్తూ అంది: "ఏమండీ, మీరు పిల్లలతో మాట్లాడి ఎన్నాళ్లయిందో గుర్తుందా?"

గుర్తు లేదు. ఆ మాట దిల్‌లో గుచ్చుకుంది. మర్నాడు ఆ పొట్లం జేబులో పెట్టుకుని మా గల్లీలో మతబ్ నడిపే పెద్ద హకీమ్ సాబ్ దగ్గరికి వెళ్లాను. ఆయన నబ్జ్ పట్టుకోకముందే అరగంట సవాళ్లు అడిగారు. ఎన్నింటికి తింటావు, ఎన్నింటికి పడుకుంటావు, ఎవరి మీద గుస్సా ఉంది, దేనికి భయపడుతున్నావు... అన్నీ విన్నాక పొడి చిటికెడు తీసి వాసన చూసి, నాలిక మీద వేసుకుని ఉమ్మేశారు.

"బేటా, ఇందులో అస్రోల్ ఉన్నట్టుంది. మీ తెలుగులో సర్పగంధ అంటారు. డాక్టర్ గోలీ ఒక వైపు, ఇది ఒక వైపు. రెండూ బీపీని కిందికి లాగేవే. ఇది ఈ రోజే బంద్. డాక్టర్ గోలీ మాత్రం నా మాట మీద బంద్ చెయ్యకు. వెళ్లి ఈ పొట్లం ఆయనకూ చూపించు."

ఆ వారంలోనే ఇంకో రెండు మాటలు విన్నాను. ఆఫీసులో ఒక దోస్త్ ఆయుర్వేదంలో శిరోధార చేయించుకోమన్నాడు. ఇంట్లో ఆ మాట చెబితే మా ఛోటే భాయి మొహం ముడిచాడు. "అది వాళ్ల ఇలాజ్ భాయిజాన్, మనకు మన యునానీ లేదా?" మర్నాడు ఆఫీసులో ఇంకొకాయన నవ్వుతూ అన్నాడు. "మీ యునానీ బయటి నుంచి వచ్చింది కదా, మన దేశపు వైద్యం ఆయుర్వేదమే." ఇద్దరూ మంచివాళ్లే. ఇద్దరూ ఒకే గలతీ చేశారు. ఆ గలతీ ఏమిటో చెప్పడానికే ఈ వ్యాసం.

నానీమా మర్తబాన్

మా నానీమా అల్మారాలో ఒక పింగాణీ మర్తబాన్ ఉండేది. అందులో నల్లగా, జిగటగా, తేనె వాసనతో ఒక మాజూన్. తలభారం, జుకామ్, నిద్ర పట్టకపోవడం, దేనికైనా రాత్రి ఒక చెంచా నాకించేది. దాని పేరు ఇత్రీఫల్ ఉస్తూఖుద్దూస్. ఆ పేరు వింటే చిన్నప్పుడు నాకు బగ్దాద్, బుఖారా గుర్తొచ్చేవి. ఉర్దూ మీడియం స్కూల్లో చదివినన్నాళ్లూ అది అరబ్బీ మాటేననుకున్నాను. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక, క్లాసులో ప్రకృతి వికృతులు చెబుతుంటే ఒక రోజు తట్టింది. ఇత్రీఫల్ అంటే త్రిఫల! కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ. సంస్కృతపు త్రిఫల అరబ్బీ నోట్లో పడి ఇత్రీఫల్ అయ్యింది. మాట మొదట్లోనే రెండు హల్లులు కలిసి రావడం అరబ్బీకి పడదు. అందుకే ముందు ఒక 'ఇ' చేరింది. మనవాళ్లు స్కూల్‌ని 'ఇస్కూల్' అన్నట్టే.

ఆ మూడు కాయల పేర్లు కూడా చూడండి. హకీములు హలేలా, బలేలా, ఆమ్లా అంటారు. హరీతకి, విభీతకి, ఆమలకి ఫార్సీ బాట పట్టి వెళ్లి అలా తిరిగొచ్చాయి. ఇక ఉస్తూఖుద్దూస్ మధ్యధరా సముద్రం ఒడ్డున పెరిగే మొక్క, లావెండర్ జాతిది. ఆ పేరు యునానీ భాషది, అంటే గ్రీకుది. ఒక్క చెంచా మాజూన్‌లో ఇటు మన అడవి కాయలు, అటు గ్రీకుల పూలు. మా నానీమాకు ఈ తారీఖ్ ఏమీ తెలియదు. ఆమెకు తెలిసిందల్లా మర్తబాన్ మూత గట్టిగా పెట్టాలని.

బగ్దాద్‌కి వెళ్లిన వైద్యులు

త్రిఫల అరబ్బీలోకి ఎలా వెళ్లింది? ఖలీఫా హారూన్ రషీద్ (786–809) దర్బార్లో బర్మకీ ఖాందాన్ వాళ్లు వజీర్లు. వాళ్ల పూర్వీకులు బల్ఖ్‌లో నవ్‌బహార్ అనే బౌద్ధ విహారాన్ని చూసుకున్నవాళ్లు. ఇస్లాంలోకి వచ్చాక కూడా హిందుస్తాన్ ఇల్మ్ మీద వాళ్లకున్న ఇజ్జత్ పోలేదు. యహ్యా బర్మకీ మన దేశం నుంచి వైద్యులను పిలిపించాడు. అరబ్ కితాబుల్లో మన్కా అనే హిందీ తబీబ్ పేరు కనిపిస్తుంది. ఖలీఫాకే ఇలాజ్ చేశాడంటారు. యహ్యా హుకుం మీద సుశ్రుత సంహితను అరబ్బీలోకి తెచ్చింది ఆయనే. ఆ కితాబ్‌ను అరబ్బులు 'సుస్రుద్' అన్నారు. బర్మకీల ఆస్పత్రిని చూసుకున్నది ఇబ్న్ దహన్ అనే ఇంకో హిందుస్తానీ. చరక సంహిత ముందు ఫార్సీలోకి, ఆ తర్వాత అరబ్బీలోకి వెళ్లింది. ఈ వివరాలు రాసిపెట్టింది బగ్దాద్ కితాబుల వ్యాపారి ఇబ్న్ నదీమ్. 10వ శతాబ్దం చివర్లో ఆయన తయారుచేసిన 'అల్ ఫిహ్రిస్త్' ఇవాళ్టికీ దొరుకుతుంది.

850 ప్రాంతంలో అలీ ఇబ్న్ రబ్బన్ తబరీ 'ఫిర్దౌస్-ఉల్-హిక్మత్' రాశాడు. అరబ్బీ వైద్యంలో మొదటి పెద్ద గ్రంథాల్లో అదొకటి. దాని చివర 36 అధ్యాయాలు పూర్తిగా హిందుస్తానీ వైద్యానికే ఇచ్చాడు. చరకుడు, సుశ్రుతుడు చెప్పింది ఇదీ అని అదబ్‌తో పేరు పెట్టి చెప్పాడు. ఆ తర్వాత జకరియా రాజీ తన 'అల్ హావీ'లో చరకుడి మాటను చాలాచోట్ల హవాలా ఇచ్చాడు. మరి ఏది లోపలిది, ఏది బయటిది?

లేనాదేనా ఒకవైపే జరగలేదు. చరక, సుశ్రుత సంహితల్లో మణికట్టు పట్టి నాడి చూసే పద్ధతి లేదు. తర్వాతి కాలపు శార్ఙ్గధర సంహితలో అది కనిపిస్తుంది. అప్పటికి ఈ దేశంలో హకీములు నబ్జ్ చూడటం నడుస్తూనే ఉంది. నల్లమందుకు ఆయుర్వేదంలో ఉన్న 'అహిఫేనం' అన్న పేరు చూడండి. పాము నురుగు అని అర్థం చెబుతారు గానీ, అసలు అది అరబ్బీ 'అఫ్యూన్'కు వేసిన సంస్కృతపు చొక్కా.

దిల్ బేచైనీ గురించి ఇద్దరూ ఏమన్నారు?

'స్ట్రెస్' అనే మాట కొత్తది. జబ్బు పాతది. పాతవాళ్లు దాన్ని గమ్, ఖౌఫ్, ఫికర్, సహర్ అని విడదీసి చూశారు. సహర్ అంటే నిద్ర రాకపోవడం. బల్ఖ్ దగ్గర పుట్టిన అబూ జైద్ అల్ బల్ఖీ (850–934) ఒంటికీ మనసుకీ కలిపి ఒకే కితాబ్ రాశాడు. పేరు 'మసాలిహ్-ఉల్-అబ్దాన్ వల్ అన్‌ఫుస్'. అందులో ఆయన చెప్పిన ఒక సంగతి నాకు చాలా ఇష్టం. ఆరోగ్యంగా ఉన్నప్పుడే మనం ఇంట్లో దవాలు దాచుకుంటాం కదా, అలాగే మనసు కుదుటగా ఉన్నప్పుడే మంచి ఆలోచనలు దాచుకోవాలి, గమ్ వచ్చిన రోజు అవి పనికొస్తాయి అన్నాడు.

ఇబ్న్ సీనా (980–1037) దారిలో నడిచే హకీములు మనిషి సెహత్‌కు ఆరు సంగతులు కావాలంటారు. అస్బాబ్-ఎ-సిత్తా జరూరియా. గాలి, తిండీ నీళ్లూ, ఒంటి కదలిక-విశ్రాంతి, మనసు కదలిక-విశ్రాంతి, నిద్ర-మెలకువ, ఒంట్లో నిలవాల్సింది నిలవడం-పోవాల్సింది పోవడం. చూశారా, మనసుకు కూడా హరకత్, సుకూన్ రెండూ కావాలని వెయ్యేళ్లనాటి మాట. మా హకీమ్ సాబ్ నబ్జ్ కంటే ముందు నా డ్యూటీ టైం ఎందుకు అడిగారో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది.

చరకుడి లెక్క చూడండి. చికిత్స మూడు రకాలు. దైవాన్ని ఆశ్రయించేది, యుక్తితో మందూ ఆహారం ఇచ్చేది, మూడోది సత్త్వావజయం. అంటే హాని చేసే వాటి మీదికి పోకుండా మనసును పట్టి నిలపడం. దానికి జ్ఞానం, ధైర్యం, జ్ఞాపకం లాంటివి సాధనాలు. పేర్లు మార్చి చదివితే బల్ఖీ మాట వినబడుతుంది.

ఇక శిరోధార. వాగ్భటుడి అష్టాంగ హృదయం తలకు నూనె పట్టించడాన్ని నాలుగు రకాలుగా చెప్పింది. అభ్యంగం అంటే మర్దన. సేకం అంటే ధారగా పోయడం. పిచువు అంటే నూనెలో తడిపిన గుడ్డ తల మీద వేయడం. నాలుగోది శిరోవస్తి, తల చుట్టూ తోలు పట్టీ కట్టి అందులో నూనె నిలపడం. ఇవాళ కేరళ పేరుతో చేసే శిరోధార ఈ రెండోదాని సంతానమే. నూనె బదులు మజ్జిగ పోస్తే తక్రధార.

యునానీలో ఇదే పనికి నతూల్ అని పేరు. మూలికలు కాచిన నీళ్లో, రోగనో కొంచెం ఎత్తు నుంచి తల మీద సన్నగా పోస్తారు. మర్దనకు దల్క్, నూనె పట్టించడానికి తద్‌హీన్. ఆయుర్వేదం వాతం రూక్షం అంటుంది, పొడిబారినదాన్ని నూనె తడుపుతుందంటుంది. యునానీ దిమాగ్‌లో యబూసత్ పెరిగితే, అంటే పొడితనం పెరిగితే నిద్ర పోతుందంటుంది, రోగన్-ఎ-బాదామ్, రోగన్-ఎ-కద్దూ రాయమంటుంది. జుమ్మా రోజు నానీమా మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి తలకు బాదం నూనె అంటేది. మా గల్లీ చివరి ఇంట్లో రెడ్డిగారి అవ్వ శనివారం నువ్వుల నూనె అంటేది. రోజు వేరు, నూనె వేరు, చెయ్యి అదే.

దిల్లీ, హైదరాబాద్

ఈ కలయిక బగ్దాద్‌తో ఆగిపోలేదు. 1512లో సికందర్ లోదీ వజీర్ మియాఁ భువా సంస్కృత వైద్య గ్రంథాలను ముందు పెట్టుకుని ఫార్సీలో 'మాదన్-ఉష్-షిఫా-ఎ-సికందర్‌షాహీ' రాశాడు. ఇక్కడి మనుషుల మిజాజ్‌కు, ఇక్కడి గాలికి ఇక్కడి వైద్యమూ తెలియాలన్నది ఆయన ఆలోచన. మన హైదరాబాద్‌లో చార్మినార్ కట్టిన కొద్దేళ్లకే మహమ్మద్ కులీ కుతుబ్‌షా దారుష్షిఫా కట్టించాడు. బస్సులో ఆ స్టాప్ పేరు రోజూ వింటాం గానీ, షిఫా దొరికే ఇల్లు అని దాని అర్థం ఎంతమందికి తడుతుంది? ఏడో నిజాం కాలంలో చార్మినార్ పక్కనే నిజామియా తిబ్బీ దవాఖానా లేచింది. మా కర్నూలులో యునానీ కాలేజీ ఇవాళ్టికీ నడుస్తోంది.

అంగ్రేజుల జమానాలో రెండు వైద్యాల మీదా ఒకేసారి దెబ్బ పడింది. 1912లో బొంబాయిలో వైద్యుల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. వైద్యులు, హకీములు ఇద్దరూ ఆ లెక్కలో లేరు. దిల్లీ హకీమ్ అజ్మల్ ఖాన్ (1868–1927) ఆ గాలి ముందే పసిగట్టాడు. 1910లోనే వైద్యులనూ హకీములనూ ఒకే వేదిక మీదికి తెచ్చి కాన్ఫరెన్స్ పెట్టాడు. 1916లో దిల్లీలో ఒక కాలేజీకి పునాది వేయించాడు. దాని పేరులో రెండూ ఉన్నాయి: ఆయుర్వేదిక్ అండ్ యునానీ తిబ్బియా కాలేజ్. 1921 ఫిబ్రవరి 13న దాన్ని తెరిచింది గాంధీజీ. అదే ఏడాది చివర అహ్మదాబాద్ కాంగ్రెస్ సభకు అజ్మల్ ఖానే సదర్. మన మద్రాసులో కూడా ఇదే నడిచింది. సర్ మహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన వేసిన కమిటీ ఆయుర్వేదం, సిద్ధ, యునానీ మూడింటి తరఫునా 1923లో రిపోర్ట్ ఇచ్చింది. రెండేళ్లకు ఆ మూడూ ఒకే చోట నేర్పే సర్కారీ బడి మద్రాసులో తెరుచుకుంది. ఆంధ్ర జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనివే.

నా జేబులోని పొట్లం తారీఖ్

ఇప్పుడు అస్రోల్ సంగతి. సర్పగంధ వేరును బిహార్ వైపు 'పాగల్ కీ దవా' అనేవాళ్లు. దాని లోపల ఏముందో తేల్చాలని అజ్మల్ ఖాన్ తపన. జర్మనీలో రసాయన శాస్త్రం చదువుతున్న సలీముజ్జమాఁ సిద్దీఖీ (1897–1994)ని తన కాలేజీలో రీసెర్చ్ నడపమని పిలిచాడు. సిద్దీఖీ ఫ్రాంక్‌ఫర్ట్‌లో డాక్టరేట్ ముగించి పనిలో చేరేసరికి 1928. హకీమ్ సాబ్ 1927 డిసెంబర్‌లోనే అల్లాహ్‌కు ప్యారే అయిపోయారు. 1931లో సిద్దీఖీ ఆ వేరు నుంచి కొన్ని ఆల్కలాయిడ్లు వేరు చేసి, ఒకదానికి తన ముహ్సిన్ పేరు పెట్టాడు. అజ్మలిన్. ఇవాళ్టికీ గుండె డాక్టర్లు బ్రుగాడా అనే గుండె లయ జబ్బును పట్టుకోవడానికి అజ్మలిన్ ఇచ్చి పరీక్షిస్తారు. దిల్లీ హకీమ్ పేరు ప్రపంచపు ఆస్పత్రుల్లో అలా నడుస్తోంది.

అదే 1931లో కలకత్తాలో కవిరాజ్ గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఈ వేరు మతి చలించినవాళ్లకూ, రక్తపోటుకూ పనిచేస్తుందని రాశారు. 1949లో బొంబాయి గుండె డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ 50 మంది మరీజుల మీద చేసిన ఇలాజ్ వివరాలు బ్రిటిష్ పత్రికలో వచ్చాయి. ఒక ముసల్మాన్, ఇద్దరు హిందువులు, ఒక పార్సీ. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ శాస్త్రవేత్తలు అందులోని రెసెర్పిన్‌ను వేరు చేశారు. 1954లో న్యూయార్క్‌లో నేథన్ క్లైన్ తన మానసిక రోగుల మీద దాని ఫలితాలు బయటపెట్టాడు. 'ట్రాంక్విలైజర్' అనే మాట జనం నోట్లో నానింది ఈ మందుతోనే. మనసుకు గోలీలిచ్చే కొత్త జమానా మొదలైందని చెబితే, దాని తలుపు దగ్గర నిలబడ్డది మన అడవి వేరు.

కానీ తారీఖ్ ఇక్కడ ఆపేస్తే ఇన్సాఫ్ కాదు. రెసెర్పిన్ వాడినవాళ్లలో కొందరు గాఢమైన ఉదాసీలోకి జారుతున్నారని డాక్టర్లు గమనించారు. మోతాదు పెరిగితే ముప్పు పెరిగింది. మెదడులో సందేశాలు మోసే రసాయనాలను అది ఖాళీ చేస్తుందని తేలింది. ఆ తర్వాత మెరుగైన మందులు వచ్చి దాన్ని పక్కకు నెట్టాయి. బేచైనీ తగ్గించిన వేరే ఉదాసీ కూడా తేగలదు. నా నెల రోజుల మౌనం గుర్తొచ్చి ఈ పేజీ చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. పాత హకీములకూ వైద్యులకూ ఈ మొక్క బలం తెలుసు. అందుకే మోతాదు, పర్హేజ్, మనిషి మిజాజ్ చూసి ఇచ్చేవాళ్లు. పేరు లేని పొట్లానికి ఆ ఇల్మ్ లేదు. దానికి ఉన్నది 'మూలిక కదా, ఏమవుతుందిలే' అన్న ధీమా మాత్రమే.

చివరికి ఏం చేశాను?

పొట్లం డాక్టర్‌కు చూపించాను. ఆయన కోప్పడ్డాడు, బీపీ మళ్లీ చూసి గోలీ మోతాదు సరిచేశాడు. పదిహేను రోజుల్లో తల తిరగడం తగ్గింది. మనసు తేలిక పడటానికి ఇంకా టైం పట్టింది. దోస్త్ చెప్పిన శిరోధార కూడా చేయించుకున్నాను. ముక్కాలు గంట నుదుటి మీద గోరువెచ్చని నూనె పడుతుంటే, అల్లాహ్ సాక్షిగా, నానీమా చెయ్యి గుర్తొచ్చి కళ్లు తడిశాయి. ఆ రాత్రి హాయిగా పడుకున్నాను. నాలుగో రోజుకు మళ్లీ పాత కథే. ఎందుకంటే నైట్ డ్యూటీ అక్కడే ఉంది. నూనె డ్యూటీ మార్చదు. హకీమ్ సాబ్ చెప్పిన ఆరింటిలో నిద్ర-మెలకువ అన్నది నేను సరిచేసుకోవాల్సిందే. ఎడిటర్‌ను అడిగి వారంలో మూడు రోజులు పగటి డ్యూటీకి మారాను. జీతం కాస్త తగ్గింది. ఇషా తర్వాత ఫోన్ పక్క గదిలో పెడుతున్నాను. పిల్లలతో కలిసి తింటున్నాను.

ఛోటే భాయిని కూర్చోబెట్టి ఇత్రీఫల్ కథ చెప్పాను. ఆఫీసులో నవ్విన ఆయనకు ఉసిరికాయ నుంచి ఆమ్లా దాకా చెప్పాను. ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. విరాసత్ అంటే పంచుకుంటే తరిగే పొలం కాదు. బగ్దాద్ దానికి అరబ్బీ పేరు పెట్టింది, దిల్లీ దాన్ని ఒకే కప్పు కింద చదివించింది, మన అవ్వలు దాన్ని మన నెత్తిన అంటారు.

ఒక్క గుజారిష్. మీ ఇంట్లో ఎవరికైనా నిద్ర పోయి, నవ్వు పోయి, మాట తగ్గిపోతే 'కమ్జోరీ'లే అని వదిలేయకండి. చదివి పట్టా పొందిన హకీమో, వైద్యుడో, డాక్టరో, ఎవరి దగ్గరికైనా తీసుకెళ్లండి. ఏం మింగుతున్నారో ప్రతి ఒక్కరికీ దాచకుండా చెప్పండి. పేరు లేని పొట్లం మాత్రం కొనకండి. మా బేగం ఆ రాత్రి అడిగినట్టు మీరూ ఒకసారి అడగండి. నాకు మొదటి దవా ఆ సవాలే. అల్లాహ్ అందరికీ సెహత్, సుకూన్ ఇవ్వాలి. ఆమీన్.